పనిచోటి మాట, పని మీది మనసు
(ఖరగ్‌పూర్ తొలితరం తెలుగు రైల్వే కార్మికుల స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఒక తరం పేరు మీద ఏర్పాటైంది. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే, పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోగా ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా నిలబెట్టింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరిచాక ఇక్కణ్ణుంచి హౌరాకు దారి పడింది. దక్షిణాన కటకం మీదుగా వాల్తేరు వైపు పట్టాలు అప్పటికే ఉన్నాయి. ఆ పట్టాల వెంబడే నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి మనవాళ్ళు వచ్చారు. ఇక్కడి రైల్వే కార్ఖానాలో సుత్తి పట్టారు. ఇంజన్లలో బొగ్గు వేశారు. గ్యాంగుల్లో చేరి పట్టాలు సరిచేశారు. ఈ ఊరి రైల్వే కాలనీలైన మథురాకాటిలో, నిమ్‌పురాలో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, న్యూ సెటిల్‌మెంట్‌లో ఈ రోజు తెలుగు వినిపిస్తోందంటే అది వాళ్ళు వేసిన పునాది.

వాళ్ళలో చాలామందికి చదువు లేదు. పత్రికల్లో ప్రకటనలు చూసి వచ్చినవాళ్ళు కారు. మన ఊరి ఫలానావాడు కార్ఖానాలో కుదిరాడట, నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుందట, ఉండడానికి ఇల్లు కూడా ఇస్తారట అని సంతలోనూ పెళ్ళిపందిట్లోనూ నోటికి నోరు అందుకున్న మాట వాళ్ళను రైలెక్కించింది. ఒకడు వచ్చి కుదురుకున్నాక తమ్ముణ్ణి, మేనల్లుణ్ణి, బామ్మర్దిని పిలిపించుకున్నాడు. ఈ ఊళ్ళో మన ఉనికి మొదలైందే నోటిమాట మీద. ఆ తరాన్ని తలచుకునే సభలో పనిచోటి మాటల గురించి మాట్లాడడం అందుకే ఉచితమనుకున్నాను.

కొలువులో మనుషులు ఒకరి గురించి ఒకరు, పైఅధికారుల గురించి, రాబోయే ఆర్డర్ల గురించి చాటున చెప్పుకునే మాటలే ఈనాటి విషయం. ఆ మాటలకూ, మనిషి తన పనిలో మనసు పెట్టడానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలిద్దాం. నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. పనిచోట గుసగుసలు పెరిగాయంటే అక్కడివాళ్ళు సోమరులని అర్థం కాదు. ఉద్యోగం మీద మమకారం ఉండి, తెలియవలసినది తెలియనప్పుడు ఆ మమకారమే గుసగుసగా బయటపడుతుంది. నోళ్ళు మూయించి దాన్ని ఆపలేం. నిజం చెప్పే ఆఫీసు కావాలి, మాట వినే అధికారి కావాలి. మనవైపు నుంచి మనం కూడా ఒక హద్దు పెట్టుకోవాలి: పని గురించి మాట్లాడవచ్చు, సాటి మనిషి పరువు తీయకూడదు.

మాట్లాడుకోవడం మనిషి నైజం

మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1996లో ఒక పుస్తకం రాశారు. కోతులు ఒకదాని ఒళ్ళు ఒకటి దువ్వుకుంటూ జట్టు నిలుపుకుంటాయి, మనుషుల గుంపులు పెద్దవైనకొద్దీ ఆ పని మాట చేయవలసి వచ్చింది అని ఆయన ప్రతిపాదన. సాధారణ సంభాషణల్లో సుమారు మూడింట రెండొంతులు మనుషుల గురించి, వాళ్ళ సంబంధాల గురించే సాగుతాయని ఆయన గమనించారు. 2019లో కాలిఫోర్నియాకు చెందిన మేగన్ రాబిన్స్, అలెగ్జాండర్ కరాన్ అనే పరిశోధకులు చిన్న రికార్డర్లతో సేకరించిన 467 మంది రోజువారీ మాటలను విశ్లేషించారు. ఎదుట లేని మనిషి గురించి మనం రోజుకు సగటున 52 నిమిషాలు మాట్లాడుకుంటామని తేలింది. ఆ మాటల్లో దాదాపు నాలుగింట మూడొంతులు మంచీ కాదు, చెడూ కాదు. ఎవరికి బాబు పుట్టాడు, ఎవరు సెలవులో ఉన్నారు, ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఇటువంటివే. చెడు చెప్పడంలో ఆడవాళ్ళు మగవాళ్ళను మించిపోయారనడానికి అందులో ఆధారం దొరకలేదు. చాడీలు ఆడవాళ్ళ సొత్తని తరతరాలుగా వేసిన నింద అక్కడ నిలబడలేదు.

రైల్వే ఊళ్ళో ఈ నైజానికి మరింత బలం చేకూరుతుంది. మిగతా ఊళ్ళలో ఆఫీసు వేరు, ఇల్లు వేరు. ఇక్కడ సెక్షన్లో పక్క బెంచీ మీద పనిచేసేవాడు సాయంత్రం పక్క క్వార్టర్లో ఉంటాడు. క్వార్టర్ టైపును బట్టే ఎవరి గ్రేడు ఎంతో వీధికి తెలుస్తుంది. కార్ఖానా షాపులో ఒకరికి చార్జిషీటు ఇస్తే ఆ రాత్రికే గోల్ బజార్ దాకా తెలిసిపోతుంది. పదోన్నతి ప్యానెల్లో పేరు ఎక్కితే భార్యకు పొరుగింటివాళ్ళే ముందు చెబుతారు. మనిషి కొలువులో ఏమిటో కాలనీలో కూడా అదే. కనుక కొలువు గురించిన మాట ఇక్కడ బతుకు గురించిన మాట.

తెలియనితనం, ఆత్రం

గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ మనోవైజ్ఞానికులు రెండో ప్రపంచయుద్ధ కాలపు వదంతులను పరిశీలించి 1947లో ఒక సూత్రం చెప్పారు. విషయం మనకెంత ముఖ్యమైనదో, అది ఎంత అస్పష్టంగా ఉందో, ఆ రెండింటినీ హెచ్చవేస్తే వదంతి బలం వస్తుంది. రెండింటిలో ఏది సున్నా అయినా వదంతి పుట్టదు.

ఈ రంగంలో మనదేశపు పండితుల కృషి అంతకు ముందే మొదలైంది. 1934 బిహార్ భూకంపం తర్వాత వ్యాపించిన వదంతులను జమునా ప్రసాద్ పరిశీలించారు. ఇదే బెంగాల్లో, డార్జిలింగ్ కొండచరియలు విరిగిపడ్డప్పుడు నడిచిన వదంతులను 1950 దశకం మొదట్లో దుర్గానంద్ సిన్హా పరిశీలించారు. ఆపద దాటినా భయం దాటనివాళ్ళు ఆ భయానికి సరిపడే కథ వెతుక్కుంటారని ప్రసాద్ కృషి వల్ల లోకానికి అర్థమైంది. పాశ్చాత్య మనోవైజ్ఞానికులు ఆ తర్వాత కట్టిన సిద్ధాంతాలకు అది ఆధారమైంది.

ఇక మన దగ్గరికి వద్దాం. రైల్వేలో ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ 1979-80 నుంచి ఉంది. ఏటా దసరాకు ముందు ఎన్ని రోజుల బోనస్ అనే మాట షాపుల్లో రగులుతుంది. 2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం 78 రోజుల బోనస్‌కు ఆమోదం తెలిపింది. లెక్కకు తీసుకునే జీతం నెలకు 7,000 రూపాయల దగ్గర ఆగిపోతుంది కాబట్టి గరిష్ఠంగా చేతికొచ్చేది 17,951 రూపాయలు. ఈ లెక్క ఎవరైనా వేసుకోగలరు. తెలియనివి రెండే: ఎన్ని రోజులకు ఇస్తారు, ఎప్పుడు ప్రకటిస్తారు. పండక్కి పిల్లల బట్టలు, ఊరికి ప్రయాణం, చిట్టీ బాకీ ఆ ఒక్క కబురు మీద ఆగి ఉంటాయి. కాబట్టే ఆ చిన్న ఖాళీలో అన్ని ఊహలు పుడతాయి.

వేతన సంఘం సంగతీ అంతే. ఏడో వేతన సంఘం, పాత మూలవేతనాన్ని హెచ్చవేసే 2.57 ఫిట్‌మెంట్‌తో కనీస మూలవేతనాన్ని 18,000 రూపాయలు చేసింది. ఎనిమిదో సంఘం వేస్తున్నట్టు 2025 జనవరి 16న ప్రకటన వచ్చింది. సంఘం పని మొదలుపెట్టక మునుపే ఫిట్‌మెంట్ ఇంత, జీతం ఇంత అంటూ పట్టికలతో సహా మెసేజీలు తిరిగాయి. రిటైర్మెంటు వయసును 1998లో 58 నుంచి 60 చేశారు. తగ్గిస్తారట, పెంచుతారట అనే మాట ఆ నాటి నుంచి నేటి దాకా ఆగలేదు. కూతురి పెళ్ళికి ముహూర్తం పెట్టుకునే తండ్రికి తన సర్వీసు ఇంకా ఎన్నేళ్ళో తెలియాలి. ఆ ఆత్రాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూడండి. మన షాపుకు మంచి పేరు వచ్చిందా లేదా, కొత్త యంత్రం ఏ సెక్షన్‌కు ఇస్తారు, వచ్చే ఫోర్‌మన్ పని తెలిసినవాడేనా అని ఎవరు చర్చిస్తారు? ఆ షాపును తనదనుకున్నవాడే. ఎటుపోయినా నాకేమిటి అనుకున్నవాడికి ఆ ఊసే అక్కర్లేదు, డ్యూటీ ముగిశాక నిశ్శబ్దంగా ఇంటికి పోతాడు. అధికారులు భయపడవలసింది ఆ నిశ్శబ్దానికే.

1990లో విలియం కాన్ అనే ఆచార్యుడు, మనిషి పనిలో పూర్తిగా లీనమవడానికి మూడు పరిస్థితులు కావాలన్నాడు. చేస్తున్న పనికి అర్థం కనబడాలి. ఉన్నదున్నట్టు మాట్లాడితే తనకు హాని జరగదనే ధీమా ఉండాలి. దేహంలో, మనసులో అందుకు తగిన శక్తి మిగిలి ఉండాలి. ఉద్యోగుల నిమగ్నత గురించి ఇప్పుడు కంపెనీలు చేస్తున్న చర్చకంతా ఆ వ్యాసం మూలం. రెండో పరిస్థితిని గమనించండి. మాట్లాడితే హాని జరగదనే ధీమా ఎదురుగా దొరకనప్పుడు మనిషి దాన్ని టీ కొట్టు దగ్గర వెతుక్కుంటాడు. అధికారి ముందు తల ఊపి, బయట మిత్రుల ముందు నిజం చెబుతాడు. ఆ నిజం వల్ల బాగుపడవలసిన పని మాత్రం బాగుపడదు.

పనితనం నేర్పే మాట

మాటల్లో కొన్ని నేరుగా పనికి బలమిస్తాయి. జూలియన్ ఓర్ అనే పరిశోధకుడు జిరాక్స్ కంపెనీ మెకానిక్కుల వెంట తిరిగి 1996లో ఒక పుస్తకం ప్రచురించారు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ చూసి బాగుచేయలేని యంత్రాలను వాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న అనుభవాల ఆధారంగా బాగుచేసేవారు. భోజనాల దగ్గర కబుర్లలా వినిపించినవి నిజానికి వృత్తి పాఠాలు.

మన కార్ఖానాకు ఈ సంగతి కొత్త కాదు. అప్రెంటిస్‌గా చేరిన కుర్రవాడు పుస్తకంలో చదివింది కొంత. ఏ లేత్ మీద పని చేసేటప్పుడు ఏ చప్పుడు వస్తే చేయి వెనక్కి తీయాలి, ఏ బోల్టు ఎంతవరకు బిగించి వదిలేయాలి అన్నది పక్కనున్న పెద్దాయన తెలుగు, హిందీ, బంగ్లా కలిపి చెప్పిన మాటల్లో నేర్చుకున్నాడు. బండి సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూముల్లో లోకో పైలట్లు, గార్డులు అన్నం తింటూ చెప్పుకునేది కూడా ఎక్కువగా దారి గురించే: మలుపులో ఏ సిగ్నల్ ఆలస్యంగా కంటపడుతుంది, వానాకాలం ఎక్కడ చక్రం జారుతుంది, ఏ గేటు దగ్గర పశువులు అడ్డం వస్తాయి. ఇవి లెక్కకు రాని శిక్షణ తరగతులు.

ఇటువంటి మాట రన్నింగ్ రూము గోడలు దాటకపోతే ఏం జరుగుతుందో లండన్‌లో 1999 అక్టోబరు 5న లోకం చూసింది. లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొని 31 మంది చనిపోయారు. ఒక రైలు దాటిపోయిన ఆ ఎర్ర సిగ్నల్‌ను అంతకు ముందు ఆరేళ్ళలో వేర్వేరు డ్రైవర్లు ఎనిమిదిసార్లు దాటారు. అది సరిగా కనబడని సిగ్నల్ అన్నది ఎవరికీ తెలియని సంగతి కాదు. తెలిసినవాళ్ళ మాట, సరిచేయవలసినవాళ్ళ చేత పని చేయించలేకపోయింది. పేరు బయటపడకుండా ప్రమాద సూచనలు చెప్పుకునే ఒక ఏర్పాటు 1996లోనే స్కాట్లాండ్ రైల్వేలో స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం సహాయంతో మొదలై ఉంది. ఈ ప్రమాదం తర్వాతే దాన్ని బ్రిటన్ రైల్వేలన్నిటికీ విస్తరించారు.

లండన్ దాకా వెళ్ళనక్కర్లేదు. మన ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే, బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్లో 2023 జూన్ 2 సాయంత్రం కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైనుకు పచ్చ సిగ్నల్ ఉండగానే పక్కనున్న లూప్ లైనులోకి మళ్ళి ఆగి ఉన్న గూడ్సును ఢీకొట్టింది. దాని పెట్టెలకు బెంగళూరు నుంచి హౌరా వస్తున్న బండి తగిలింది. 290 మందికి పైగా ప్రాణాలు పోయాయి. బెంగాల్‌కూ మన తెలుగు నేలకూ మధ్య నిత్యం నడిచే బండి కోరమాండల్. ఈ సభలో ఉన్న ప్రతి కుటుంబం ఏదో ఒక రోజు అందులో ప్రయాణం చేసినదే.

రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో సిగ్నలింగ్ వైర్ల మార్పులో దొర్లిన లోపాలు బయటపడ్డాయి. కొన్ని 2018లో జరిగిన పనిలోవి, కొన్ని ఆ రోజు 94వ నంబరు లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర జరిగిన పనిలోవి. ఆ నివేదికలో ఇంకొక మాట ఉంది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ స్టేషన్లో తప్పు వైరింగ్ వల్ల ఇటువంటి ఘటన జరిగింది. అప్పుడే తగిన దిద్దుబాటు చేసి ఉంటే బహనగా ప్రమాదం జరిగేది కాదని నివేదిక చెప్పింది. ఒక స్టేషన్లో పొరపాటు జరిగితే ఆ సంగతి డివిజన్‌లోని ప్రతి స్టేషన్‌కూ పాఠంగా చేరాలి. ఎవరి మీద చర్య తీసుకున్నారన్నది అందరికీ తెలిసి, ఏ వైరు ఎలా తప్పిందన్నది ఎవరికీ తెలియకపోతే ఆ సంస్థలో మాటల దారి తలకిందులుగా ఉన్నట్టు.

బహనగా ప్రమాదం మరునాటి నుంచే ఇంకో రకం మాట పుట్టింది. స్టేషన్ మాస్టరు ఫలానా మతంవాడని, పారిపోయాడని, పట్టాల పక్కన ఫలానా ప్రార్థనా స్థలం ఉందని ఫొటోలతో సహా ప్రచారం చేశారు. అవన్నీ అబద్ధాలని తేలింది. ఫొటోలో కనబడిన కట్టడం ఇస్కాన్ మందిరం. మతం రంగు పులిమితే చర్యలు తప్పవని ఒడిశా పోలీసులు హెచ్చరించవలసి వచ్చింది. నిప్పు లేనిదే పొగ రాదనే సామెతను ఇటువంటి చోట నమ్మితే ఘోరం జరుగుతుంది. దుఃఖంలో ఉన్న జనానికి ఎవరో ఒకరు దోషి కావాలి, ఆ అవసరమే అక్కడ పొగ పుట్టించింది.

గుసగుస నుంచి కోరిక దాకా

చాటుమాట పదిమంది ముందు చెప్పే మాటగా ఎలా మారుతుందో ఈ ఊరి చరిత్రలోనే ఉంది. 1927లో ఖరగ్‌పూర్ కార్మికులు రెండుసార్లు సమ్మె చేశారు, ఏడాది ఆరంభంలో ఒకసారి, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి. ఉద్యోగులను తీసివేయాలన్న కంపెనీ నిర్ణయం మీద రెండో పోరాటం నడిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసినవారిలో ముఖ్యుడు వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తర్వాత రాష్ట్రపతి అయినవాడు. రేపు ఎవరి పేరు తీసేస్తారో అనే భయం ఒంటరిగా మోస్తే గుండె కుంగుతుంది. అదే భయాన్ని పదిమంది కలిసి కాగితం మీద పెట్టి, కింద సంతకాలు చేసి, కంపెనీ ముందుంచితే అది కోరిక అవుతుంది. కోరికకు జవాబు చెప్పక తప్పదు.

గిరిగారు జీవితాంతం నమ్మింది ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడాన్నే. యాజమాన్యం, కార్మికులు తమ తగాదాను తామే చర్చించి తేల్చుకోవాలి, బయటివారి తీర్పు చివరి మార్గం కావాలి అన్న ఆయన ఆలోచనకు గిరి విధానమనే పేరు స్థిరపడింది. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆయన కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేశారు. మాట ఇచ్చి తప్పితే కార్మికుడికి ఏ మాట మీదా నమ్మకం ఉండదని ఆయనకు తెలుసు.

రైల్వేలో పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ అనే చర్చల ఏర్పాటు 1950 దశకం తొలినాళ్ళ నుంచి ఉంది. డివిజన్ స్థాయి నుంచి బోర్డు దాకా యూనియన్లూ అధికారులూ కూర్చుని మాట్లాడుకోవడానికి అది వేదిక. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వంద మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే కర్మాగారాల్లో ఇరుపక్షాల ప్రతినిధులతో వర్క్స్ కమిటీలకు చోటిచ్చింది. ఈ వేదికలు నిజాయితీగా నడిచిన కాలాల్లో గేటు బయటి గుసగుస తగ్గుతుంది. 1974 మేలో దేశమంతటా లక్షలాది రైల్వే కార్మికులు సమ్మెకు దిగిన ఇరవై రోజులు గుర్తున్న పెద్దలు ఈ సభలో ఉన్నారు. చర్చలు తెగిపోతే ఇళ్ళలో పొయ్యిలు ఎలా ఆరిపోతాయో, ఎవరిని అరెస్టు చేశారో, ఎవరి నౌకరీ పోయిందో తెలియక ఆ రాత్రులు ఎలా గడిచాయో వాళ్ళనే అడగండి.

మనిషిని కూల్చే మాట

ఇంతవరకు మాట పక్షాన మాట్లాడాను. ఇప్పుడు మనల్ని మనం అడగవలసింది ఉంది.

కొత్తగా వచ్చిన ఆడపిల్లకు కష్టం లేని సీటు దొరికితే, ఆమెకు అది ఎలా వచ్చిందో మాకు తెలియదా అని నవ్వే నవ్వు మన షాపుల్లో ఉంది. రిజర్వేషన్ మీద పదోన్నతి పొందినవాడి పని చూడకముందే కులం ఎత్తి మాట్లాడడం ఉంది. కారుణ్య నియామకం మీద వచ్చిన కుర్రవాణ్ణి, తండ్రి పోయిన దుఃఖం ఆరకముందే, దొడ్డిదారిన వచ్చినవాడనడం ఉంది. ఇవి కబుర్లు కావు, కళ్ళెదుట తగిలే దెబ్బలు. దెబ్బ తిన్న మనిషి క్రమంగా ఎవరినీ ఏదీ అడగడం మానేస్తాడు. రైలు పనిలో అడగడం మానేసినవాడు తనకూ ప్రమాదమే, ప్రయాణికులకూ ప్రమాదమే.

ఉత్తరకాండలో భద్రుడు లోకుల మాట తెచ్చి రాముడికి వినిపిస్తాడు. లోకం ఏమనుకుంటోందో అడిగి తెలుసుకోవడం రాజధర్మమే. కానీ ఆ మాట ఎవరి గురించి అన్నారో ఆ సీతను ఎవరూ ఒక్క మాటైనా అడగలేదు. ఆమె జవాబు వినకుండానే అడవికి పంపారు. మన జాతి వేల ఏళ్ళుగా ఆ కథ విని కన్నీళ్ళు పెట్టుకుంటోంది. ఆ కన్నీళ్ళకు విలువ ఉండాలంటే పనిచోట ఎదుట లేని మనిషి గురించి తీర్పు చెప్పే ముందు ఆ మనిషిని అడగాలి.

ఆకాశరామన్న ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. పదోన్నతి జాబితా బయటికొచ్చే ముందు పేరు లేని ఫిర్యాదు పడితే ఒక మనిషి ఏళ్ళ తరబడి విచారణల చుట్టూ తిరిగేవాడు. పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999 జూన్ 29న ఆదేశించింది అందుకే. అవినీతిని నిజంగా చూసినవాడు భయపడకుండా చెప్పడానికి 2004లో ప్రభుత్వం వేరే దారి పెట్టింది. పేరు రాసి ఫిర్యాదు చేయాలి, ఆ పేరును కమిషన్ గోప్యంగా ఉంచుతుంది. నిలబడి చెప్పేవాడికి రక్షణ, దాక్కుని బురద చల్లేవాడికి తలుపు మూత. న్యాయమైన విభజన అది.

పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టంలో పదహారో సెక్షన్ ఉంది. ఫిర్యాదు చేసిన మహిళ పేరు, సాక్షుల పేర్లు, విచారణ వివరాలు బయటపెట్టకూడదని అది శాసిస్తుంది. చట్టసభ ఆ సెక్షన్ రాసిందంటే, ఫిర్యాదు చేసిన ఆడమనిషిని పనిచోటి నాలుకలు రెండోసారి ఎలా బాధిస్తాయో దేశానికి తెలుసన్నమాట. క్యాంటీన్లో ఆ పేరు నలిపేవాడు చట్టాన్ని కూడా ఉల్లంఘిస్తున్నాడని గుర్తుంచుకోవాలి.

చేయవలసిన పని

పెద్దలారా, విమర్శ చేసి ఊరుకుంటే ఈ ఉపన్యాసం కూడా మరో గాలిమాట అవుతుంది. అందుకని నాలుగు విన్నపాలు.

మొదటిది అధికారులకు. నిర్ణయం జరగనప్పుడు కూడా నోరు విప్పండి. ఏది తేలింది, ఏది తేలలేదు, తేలేది ఎప్పుడు, ఈ మూడూ నోటీసు బోర్డు మీద పెట్టండి. సీనియారిటీ జాబితా, బదిలీల వరుస, క్వార్టర్ల కేటాయింపు దాచవలసిన విషయాలు కావు. 2005 అక్టోబరులో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చాక పది రూపాయల దరఖాస్తుతో అడగగలిగేవి అడగకముందే చెబితే మీ గౌరవం పెరుగుతుంది. పాసులూ సర్వీసు వివరాలూ ఫోనులోకి వచ్చాక వాటి గురించిన అనుమానాలు ఎంత తగ్గాయో మీరే చూశారు. చెప్పేది కార్మికుడి భాషలో చెప్పండి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాకు ఆమోదం తెలిపింది. ఇంత తెలుగు జనం ఉన్న ఊళ్ళో ఒక భద్రతా హెచ్చరిక తెలుగులో కూడా ఉంటే ఖర్చు కొద్ది, మేలు పెద్దది.

రెండోది కూడా అధికారులకే, యూనియన్లు దగ్గరుండి సాధించాలి. తృటిలో తప్పిన ప్రమాదం గురించి చెప్పినవాడికి చార్జిషీటు భయం ఉండకూడదు. వారానికో అరగంట సెక్షన్లవారీగా కూర్చుని, ఈ వారం ఎక్కడ ఏది తప్పబోయింది అని మాట్లాడుకోవాలి. ఎవరి తప్పు అనే ప్రశ్న ఆ అరగంటలో రాకూడదు. చెప్పిన ప్రతి మాటకూ, చేస్తాం లేదా ఈ కారణం వల్ల చేయలేం అనే జవాబు తిరిగి రావాలి. జవాబు రాని మాటే మళ్ళీ టీ కొట్టు చేరుతుంది.

మూడోది యూనియన్ల పెద్దలకు. ఈ రోజు స్టేషన్ శుభ్రం చేసేవాళ్ళలో, పెట్టెలు కడిగేవాళ్ళలో కాంట్రాక్టు కార్మికులు చాలామంది. వాళ్ళకు సీనియారిటీ జాబితా లేదు, ప్యానెల్ లేదు. కాంట్రాక్టు మారితే రేపు పని ఉంటుందో లేదో చెప్పేవాడు లేడు. గుసగుస తప్ప మరో సమాచారం దొరకని మనుషులు వాళ్ళే. మన తాతలు ఈ ఊరికి వచ్చిన తొలినాళ్ళలో ఉన్న స్థితికి దగ్గరగా ఉన్నది కూడా వాళ్ళే. వాళ్ళను మీ సభల్లో కూర్చోబెట్టండి.

నాలుగోది మనందరికీ, ముఖ్యంగా ఫోను చేతిలో ఉన్న యువతకు. మూకదాడులకు దారితీసిన వదంతుల తర్వాత 2018లో వాట్సాప్ మనదేశంలో ఒక మెసేజీని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. కంపెనీ కట్టడి కన్నా మన కట్టడి గట్టిది. ఉద్యోగాల గురించి ఏది వచ్చినా అందులో ఆర్డరు నంబరు, తేదీ ఉన్నాయా చూడండి. లేకపోతే మీ దగ్గరే ఆపేయండి. మనిషి గురించి వచ్చిన మాటైతే, ఈ మాట అతని ముందు, ఆమె ముందు అనగలనా అని మనసులో అడగండి. అనలేని మాటను నాలుక మీదికి రానివ్వకండి.

తొలితరం తమ ఊరివాళ్ళ మాట నమ్మి, భాష తెలియని చోటికి వచ్చి, ఈ కార్ఖానాను తమదనుకుని పనిచేసింది. ఆ నమ్మకానికి తగిన పనిచోటును వాళ్ళ మనవలకూ మునిమనవలకూ అందించడం మన బాధ్యత. ఉద్యోగి మనసు పెట్టి పనిచేయాలని కోరే సంస్థ, ఆ మనసులో ఉన్న మాటకు ముందు చెవి ఒగ్గాలి. తన మాట వినమని అడిగే ఉద్యోగి, తన పక్కవాడి పరువుకు కాపలా ఉండాలి. ఈ రెండూ రేపటి షిఫ్టు నుంచే మొదలుపెట్టగల పనులు. మీ మీ షాపుల్లో, షెడ్లలో, ఆఫీసుల్లో మొదలుపెట్టమని చేతులు జోడించి కోరుతున్నాను.